గున్సాన్ షాపులో నాలుగో గది

గున్సాన్ ఊళ్ళోని మా కంపెనీ షాపులో నాలుగో గది పేరెత్తితే మా ఆఫీసులో సగం మంది మాట మార్చేస్తారు. మిగతా సగం నవ్వుతారు. ఆ నవ్వేవాళ్ళు కూడా ఆదివారం డ్యూటీ మాత్రం ఎలాగో ఒకలా తప్పించుకుంటారు.

భయమెందుకంటే — ఆ షాపులో నాలుగో గది లేదు.

షాపు కింది భాగంలో, సరుకు లారీలు ఆగే చోటు వెనకాల, కిటికీల్లేని పొడవాటి నడవా ఒకటుంది. చేపలూ మాంసమూ దాచే కోల్డ్‌రూములన్నీ అక్కడే. తలుపులు ఇనుపవి, మనిషి కన్నా ఎత్తు. ఒక్కో తలుపు మీద ఒక్కో నీలం అంకె. ఆ అంకెల్లో నాలుగు లేదు. మూడో నంబరు దాటాక కొంత దూరం ఉత్త గోడ... తడితే బోలుగా మోగుతుందంటారు.

ఆ గోడలోంచి, నెలకి రెండు ఆదివారాలు, ఎవరో గంట కొడతారు.

మామూలు గంట కాదది. ఆ గదుల్లో మైనస్ ఇరవై రెండు డిగ్రీల చలి. ఎవరైనా లోపల ఇరుక్కుపోతే నొక్కడానికి తలుపు పక్కన ఎర్ర బటన్ ఉంటుంది. నొక్కితే షాపులో చప్పుడేమీ రాదు. కొనడానికొచ్చినవాళ్ళు బెదిరిపోతున్నారని ఆ సైరన్ ఎప్పుడో తీసేశారు. కబురు నేరుగా సియోల్ పక్కనున్న మా హెడ్డాఫీసు తెరమీదికి వస్తుంది.

"గున్సాన్. నాలుగో కోల్డ్‌రూమ్. లోపల మనిషి."

అదీ ఆదివారాలే. మా దగ్గర పెద్ద బజార్లన్నీ నెలకి రెండు ఆదివారాలు మూసి ఉంచాలని రూలు. అంటే ఆ గంట మోగేది షాపంతా ఖాళీగా, దీపాలార్పేసి ఉన్న రోజున.

ఇక కథలకేం కొదవ... బిల్డింగు కట్టేటప్పుడు నాలుగో గది ఉండేదట. ఒక కూలీ లోపలుండగా తలుపు మూసుకుపోయిందట. మూడు రోజులకి గానీ చూడలేదట. గుట్టుచప్పుడు కాకుండా గోడ కట్టేశారట. ఇందులో ఒక్క ముక్క కూడా ఎవరూ కళ్ళారా చూసింది కాదు. అందరూ నమ్మారు.

ఆ తెర హేవన్‌ది.

తాక్ హేవన్. మా కంపెనీకున్న నూట పన్నెండు షాపుల్లో ఏది మొరాయించినా — బిల్లు మిషన్లు, కార్డు గీకే డబ్బాలు, ధరలు చూపించే బుల్లి తెరలు, కోల్డ్‌రూములు — ఆ మొరలన్నీ ఒకచోట చేర్చే సాఫ్ట్‌వేర్‌కి ఆమె ప్రొడక్ట్ మేనేజర్. ఏ మొర ముందు వినాలి, ఏది తర్వాత, ఏది అసలు వినక్కర్లేదు... ఆ నిర్ణయం ఆమెదే. నేను పక్క కుర్చీలో కూర్చుని, వచ్చిన అలర్టులు చూసి షాపులకి ఫోన్లు చేసేదాన్ని. నలుగురిలో నన్ను "ఇమ్ గారూ" అనేది, ఇద్దరమే ఉన్నప్పుడు "అక్కా" అనేది. ఈమధ్య ఒక ఆదివారం గున్సాన్‌లో జరిగినదాన్ని ఆమె నాకు ఎలా చెప్పిందో అలాగే చెబుతున్నాను.

రోజుకి రెండు వేల అలర్టులు. ఆరేళ్ళు. మొదట్లో ప్రతి దానికీ ఉలిక్కిపడేది. తర్వాత పెద్దవాటికే. ఆ తర్వాత దేనికీ లేదు. వాళ్ళమ్మ పోయినప్పుడు ఆసుపత్రి పక్కనుండే అంత్యక్రియల హాల్లో నల్లబట్టలు కట్టుకుని, వచ్చినవాళ్ళకి వంగి దణ్ణాలు పెడుతూ కూర్చుంది. ఫోను గుర్రుమంది. పూలచక్రాల చాటుకి వెళ్ళి, అలర్టు మూసేసి, మళ్ళీ వచ్చి చాప మీద కూర్చుంది.

"ఏడుపు రాలేదక్కా" అంది తర్వాత. "రావాలని చూశాను. రాలేదు."

ఆమె అక్కడ మూసేసింది గున్సాన్ నాలుగో గది అలర్టునే.

మొట్టమొదటిసారి మోగినప్పుడు ఫోన్ చేసింది మాత్రం నేను. ఎత్తినాయన గిల్ బాబాయ్, ఆ షాపు సెక్యూరిటీ గార్డు. సైన్యంలో చేసి రిటైరయిన మనిషి.

"బాబాయ్, నాలుగో గదిలో ఎవరో ఇరుక్కున్నారట. పరిగెత్తండి!"

"నాలుగో గదా? ఇక్కడ నాలుగో గది లేదమ్మా."

"మా తెరమీద ఉంది మరి."

"మీ తెరమీద ఉంటే మీ తెరలోనే వెతుక్కో తల్లీ."

"షాపులో ఎవరైనా ఉన్నారా?"

"ఇవాళ సెలవు కదా. మనవాళ్ళెవరూ లేరు."

అయినా పాపం టార్చిలైటు పట్టుకుని వెళ్ళాడు. పావుగంటకి మళ్ళీ ఫోన్ చేశాడు. గొంతు తగ్గించి...

"అమ్మాయ్... గోడ చల్లగా ఉంది."

"కోల్డ్‌రూముల మధ్య గోడ వెచ్చగా ఉంటుందా బాబాయ్!" అని నవ్వాను. నవ్వాను గానీ, ఆ రాత్రి దీపం ఆర్పకుండా పడుకున్నాను. మర్నాడు ఆ అలర్టుకి "గున్సాన్ దెయ్యం" అని పేరు పెట్టింది కూడా నేనే. ఆ పేరు అందరికీ నచ్చింది.

ఐదారుసార్లు మోగాక హేవన్ ఒక రూలు రాసింది. షాపు ఇచ్చిన జాబితాలో లేని చోటు నుంచి మొర వస్తే అది దానంతటదే మూసుకుపోవాలి. కింద చిన్న అక్షరాల్లో కారణం పడుతుంది — "అలాంటి చోటు లేదు." రూలు అన్ని షాపులకీ వర్తించింది. తెర ఎంత ప్రశాంతంగా ఉందో అని డైరెక్టరు మెచ్చుకున్నాడు. హేవన్ తలూపింది. సంతోషం వేయలేదని నాతో అంది, బాధ కూడా వేయలేదని అంది.

గున్సాన్ వాళ్ళు మాత్రం ఊరుకోలేదు. ఒక ఆదివారం గోసా అనే శాంతిపూజ చేశారు. మా వాళ్ళకి కొత్త మిషను పెట్టినా, ఒక చోటికి చెడ్డపేరొచ్చినా గోసా చేయాల్సిందే. ఆ గోడ ముందు బల్ల వేసి, ఉడికించిన పంది తల పెట్టి, బియ్యప్పిండి ముద్దలూ బియ్యం కల్లూ పెట్టి, షాపు మేనేజరు దగ్గర్నుంచి అందరూ సాష్టాంగపడ్డారు. మేము వీడియోలో చూశాం. ఒక మూల గులాబీ రంగు రబ్బరు గ్లవ్స్ వేసుకున్న ముసలావిడ మాంసం ముక్కలు కోస్తోంది. మొదటి ముక్క తీసుకెళ్ళి గోడ దగ్గర పెట్టి, మొక్కుకునేవాళ్ళలా అరచేతులు రుద్దుకుంటూ ఏదో గొణిగింది.

"నన్నూ దణ్ణం పెట్టమంటావా అక్కా?" అని అడిగింది హేవన్.

"పెట్టు, పోయేదేముంది" అన్నాను. కుర్చీలోంచి లేచి తెరకి దణ్ణం పెట్టింది.

గంట ఆగలేదు. మాకు వినపడటమే ఆగింది.

ఈ నవంబర్లో డైరెక్టరు హేవన్‌ని పిలిచాడు. ఏడాది చివర భద్రత తనిఖీ ఉంది, లేని గదికి గంట ఉన్నట్టు కాగితాల్లో కనపడకూడదు అన్నాడు. స్వయంగా వెళ్ళి చూసి, "ఇక్కడ నాలుగో గది లేదు, మనిషి ఉండే వీలు లేదు" అని సంతకం పెట్టి రమ్మన్నాడు. సంతకం పడగానే అక్కడి ఎలక్ట్రీషియన్ ఆ గంట తీగ తెంపేస్తాడు. ఇక ఆ గంట ఎప్పటికీ మోగదు.

సెలవు ఆదివారమే వెళ్ళింది. గున్సాన్‌లో రైలు దిగేసరికి ఐదున్నర... అప్పటికే చీకటి. సముద్రం మీంచి ఈదురుగాలి. గిల్ బాబాయ్ వెనక గేటు తీశాడు.

"హెడ్డాఫీసు నుంచి మీరొక్కరే వచ్చారా మేడమ్? తోడెవరూ లేరూ?"

"సంతకానికి తోడెందుకండీ."

"సంతకానికి కాదులెండి..." అని ఆయన మిగతాది మింగేశాడు.

దీపాల్లేని షాపులోంచి నడిచారు. ఖాళీ తోపుడుబళ్ళ వరసలు, గుడ్డలు కప్పిన పళ్ళ బల్లలు. మెట్లు దిగారు. నడవాలో ఒక్కటే ట్యూబ్‌లైటు. మోటార్ల హోరు తప్ప చప్పుడు లేదు. హోరులో మాట్లాడాలంటే చెవి దగ్గరకి రావాలి.

ఒకటో తలుపు. రెండు. మూడు. తర్వాత గోడ. గోడ కింద ఎండిపోయిన బియ్యప్పిండి ముద్ద, కల్లు మరక. ఆ తర్వాత ఐదో నంబరు తలుపు. అక్కడితో నడవా అయిపోయింది.

హేవన్ గోడ మీద చెయ్యి పెట్టింది. చల్లగా ఉంది. అంతే.

"ఎలక్ట్రీషియన్ ఎక్కడ?"

"పైన సిగరెట్ కాలుస్తున్నాడు. మీరు సంతకం పెట్టేస్తే పిలుస్తాను. కిందకి వచ్చి నిలబడమంటే రానన్నాడు."

తనిఖీ కోసం, రూలు మూసేసే మొరలు కూడా కనపడేలా పెట్టి టాబ్లెట్ తెరిచింది. కాగితం వచ్చింది. వేలితో "తాక్" అని రాసింది.

టాబ్లెట్ గుర్రుమంది.

"గున్సాన్. నాలుగో కోల్డ్‌రూమ్. లోపల మనిషి."

ఆ వెంటనే కింద — "అలాంటి చోటు లేదు. మూసివేయబడింది."

గిల్ బాబాయ్ తెరమీదికి వంగి చూశాడు. టార్చి గోడ మీదికి తిప్పాడు.

"మేడమ్... ఇక్కడే ఉందది. మన ముందే ఉంది."

మళ్ళీ గుర్రుమంది. మూసుకుపోయింది. మళ్ళీ... మూసుకుపోయింది.

"సంతకం పూర్తి చేసేయండి మేడమ్. పోదాం. మీ కాళ్ళు పట్టుకుంటాను."

ఎప్పుడూ మూడు నాలుగుసార్లు మోగి ఊరుకుంటుంది. హేవన్‌కి తెలుసు. ఆగితే మిగతా పేరు రాసేద్దామని వేలు ఎత్తి నిలబడింది. ఐదు. ఆరు... ఆగలేదు. ఎనిమిది. పదకొండు.

తనకి భయం వేయలేదంది. అలవాటు కొద్దీ టైములు చూసిందంతే. మొదటివి ఐదారు సెకన్ల తేడాతో వచ్చాయి. తర్వాత పది. తర్వాత ఇరవై. పదకొండోదానికీ పన్నెండోదానికీ మధ్య నిమిషం దాటింది.

"బాబాయ్" అంది మెల్లగా. "చెడిపోయిన మిషను ఒకే తీరుగా కొట్టుకుంటుంది. ఇలా అలిసిపోదు."

"...ఏమంటున్నారు?"

"షాపులో ఎవరైనా ఉన్నారా?"

"మనవాళ్ళెవరూ లేరు."

"మనవాళ్ళు కానివాళ్ళు?"

గిల్ బాబాయ్ మెట్ల వైపు తిరిగి చూశాడు.

"క్లీనింగు కాంట్రాక్టు వాళ్ళ బోంగ్ పిన్నిగారు వస్తుంది... సెలవు రోజుల్లో మంచు గీకడానికి. ఐదింటికే వెళ్ళిపోయుండాలి... వెళ్ళడం నేను చూడలేదు."

"ఏ గది?"

"ఈ చివరిది. ఐదు. నాలుగు కాదు మేడమ్, ఐదు!"

హేవన్ టాబ్లెట్‌లో ఐదో గది చరిత్ర తెరిచింది. ఖాళీ. తలుపు తెరుచుకున్నట్టు లేదు, చలి తగ్గినట్టు లేదు, ఇన్నేళ్ళలో ఒక్క మొరా లేదు. అన్ని షాపుల్లోకీ బుద్ధిమంతురాలు గున్సాన్ ఐదో గది అని మేం జోకులేసుకునేవాళ్ళం.

అప్పుడు ఆమె నడవా మొదటికి వెళ్ళి, అంకెలు చూడకుండా, చిన్నపిల్లలా తలుపుల్ని వేలుతో లెక్కపెట్టింది. ఒకటి. రెండు. మూడు. గోడ దాటి...

నాలుగు.

వేలు నీలం రంగు ఐదు మీద ఆగింది.

మా దేశంలో నాలుగు చావు అంకె; మా భాషలో రెంటికీ పలుకు ఒకటే. లిఫ్టుల్లో మూడు తర్వాత F ఉంటుంది. మా ఆఫీసు కూడా F అంతస్తులోనే. ఆసుపత్రుల్లో నాలుగో వార్డు ఉండదు. పుట్టినప్పటి నుంచీ చూసి చూసి, ఒక అంకె లేదన్న సంగతే మాకు కనపడదు. షాపు వాళ్ళు తలుపులకి రంగేసేటప్పుడు నాలుగు వదిలేశారు. తీగలు లాగినవాడు మాత్రం తలుపులు లెక్కపెట్టుకుంటూ పోయాడు. అందుకే ఐదో నంబరు గది మొరలన్నీ మాకు నాలుగో గది పేరుతో వచ్చాయి. ఇంతకాలం ఎవ్వరం తలుపులు లెక్కపెట్టలేదు.

పదమూడో గంట రాలేదు.

పిడి పట్టుకుని లాగారు. రాలేదు. తలుపు అంచుకి మంచు పట్టకుండా వేడి తీగ ఉంటుంది. అది చెడిపోయి రెండు వారాలైంది. ఆ అలర్టు కూడా నాలుగో గది పేరు మీద వచ్చి, మూసుకుపోయింది. గిల్ బాబాయ్ ఇనుప గడ్డపార తెచ్చి అంచులో పెట్టి ఒంటి బరువంతా వేశాడు. తలుపు కర్రుమని ఊడొచ్చింది.

తెల్లటి పొగ. పొగలో తిరగేసిన చేపల ట్రే. ట్రే మీద ఎవరో కూర్చుని ఉన్నారు. గులాబీ రంగు గ్లవ్స్. ఒక చెయ్యి ఒళ్ళో, ఒక చెయ్యి ఎర్ర బటన్ మీద. కనురెప్పల మీద మంచు.

కదల్లేదు.

"పిన్నిగారూ..." అన్నాడు గిల్ బాబాయ్.

చాలాసేపటికి కళ్ళు తెరుచుకున్నాయి. హేవన్ వైపు చూసి, ఆవిడ సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు అంది —

"వచ్చారూ...? ఇవాళ... ఎక్కువసార్లు నొక్కేశాను. తప్పయింది."

అంబులెన్సు వచ్చేలోపు గార్డు గదిలో కూర్చోబెట్టి, దుప్పట్లు కప్పి, ఆవిడ చేతులు గోరువెచ్చని నీళ్ళలో పెట్టారు. బోంగ్ పిన్నిగారికి అరవై మూడేళ్ళు. బార్లీ టీ రెండు గుక్కలు తాగాక మాట వచ్చింది.

"తలుపు మొండికేసినప్పుడల్లా నొక్కుతాను. ఎవరూ రారు. భుజంతో తోసుకుని వచ్చేస్తాను. ఇవాళే భుజం పట్టేసింది."

"మరి ఎవరికైనా చెప్పాల్సింది కదండీ" అంది హేవన్.

ఆవిడ ఆశ్చర్యంగా చూసింది. "గంట కొట్టడమంటే చెప్పడమే కదమ్మా?"

హేవన్ జారిన దుప్పటిని ఆవిడ భుజాల మీదికి లాగింది.

"మీరంతా ఆ నాలుగో గది దెయ్యం గొడవలో ఉన్నారు, నా గంటకెవరొస్తారులే అనుకున్నాను. నాకూ అదంటే భయమే తల్లీ. గోసా రోజు మొదటి ముక్క దానికే పెట్టాను. నా జోలికి రావద్దని."

గిల్ బాబాయ్ టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"మండుతున్నాయి" అంది ఆవిడ చేతులు చూసుకుంటూ. "మండితే మంచిదే. తెలియకపోతేనే భయం."

హేవన్ కూడా ఆ నీళ్ళలో చెయ్యి పెట్టి చూసింది. వేడిగా ఉన్నాయో చల్లగా ఉన్నాయో తనకి తెలియలేదంది.

ఆవిడ బతికింది. రెండు వేళ్ళ చివర్లు పోయాయి.

హేవన్ ఆఖరి రైలు పట్టుకుని, ఇంటికి వెళ్ళకుండా తిన్నగా ఆఫీసుకి వచ్చింది. సోమవారం ఆరింటికి నేను డ్యూటీకి వెళ్ళేసరికి కోటైనా విప్పకుండా తెర ముందు కూర్చుని ఉంది. జరిగిందంతా అప్పుడే చెప్పింది. ఏ హెచ్చుతగ్గూ లేని గొంతుతో, అలర్టు చదివి వినిపించినట్టు చెప్పింది. నాకు నా కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. ఆ దెయ్యానికి పేరు పెట్టింది నేను కదా.

"నిన్నటిది కాక నలభై ఒక్కరోజులు నొక్కిందక్కా" అంది. "రెండు నా చేత్తో మూశాను. మూడు నువ్వు. మిగతావన్నీ రూలు మూసింది."

తర్వాత ఇంకో జాబితా తెరిచింది. రూలు ఇప్పటిదాకా నోరు మూయించిన చోట్లన్నీ అందులో ఉన్నాయి. నూట పన్నెండు షాపుల్లో "అలాంటి చోటు లేదు" అన్నవి — అరవై మూడు.

రూలు తీసేసింది. ఇద్దరం తెర వైపు చూస్తూ కూర్చున్నాం. ఆరూ నలభైకి ఒకటి వచ్చింది.

"ఆండొంగ్. నాలుగో సరుకు లిఫ్టు. లోపల మనిషి."

నేను ఫోన్ చేశాను. నిద్రమొహంతో ఎవరో గార్డు ఎత్తాడు. చెప్పింది విని, నవ్వాడు.

"నాలుగో లిఫ్టా? ఇక్కడ నాలుగో లిఫ్టు లేదమ్మా. షాపు కూడా ఇంకా తెరవలేదు. మనవాళ్ళెవరూ లేరు."